సంతకం తోక

మూడు లాంతర్ల దగ్గర లాడ్జి, రెండో అంతస్తు.
ఫ్యాను కింద పరిచిన తెల్లగుడ్డ మీద
ఒక తోలు బెల్టు.
ముంబై వేలంలో నాలుగు లక్షల పదివేలు పలికిందట.
కొన్నాయన పూణే నుంచి కేసు వేశాడట
ఇది అసలుది కాదని.

తేల్చడానికి హైదరాబాద్ నుంచి ఒకాయన వచ్చాడు.
కంటికి బిగించుకునే అద్దం, నీలం దీపం,
వేళ్లకు తొడుగులు.
మా గురువులు నడుముకు కట్టే బెల్టు
చెమటతో తడిసేది, నొప్పుల నూనెతో తడిసేది,
ఒకసారి సాంబారుతో కూడా.
ఇప్పుడు ముట్టుకోవాలంటే తొడుగులు కావాలి.

బెల్టు పక్కన పాత ఫొటోలు ఇరవై రెండు.
అన్నిటి మీదా ఇజ్జిరోతు గురువులు.
"అన్నీ ఒకే చెయ్యి" అన్నాడాయన మురిసిపోతూ.
"ఈ 'లు' తోక చూడండి,
కిందికి జారి, వెనక్కి తిరిగి,
పేరంతటికీ అడుగున గీత గీసింది.
దొంగ చెయ్యి ఇంత ధీమాగా లాగలేదు."

నేను కిటికీలోంచి రోడ్డు చూస్తున్నట్టు నిలబడ్డాను.

ఆ తోక నాది.

తొంభై నాలుగులో, నెల్లిమర్ల జూట్ మిల్లు గేటు ముందు సన్మానం.
గురువులు అరచేతుల్లో చర్మం లేదు,
సగం బారుకే అంటుకుని ఉండిపోయింది.
పెన్ను పట్టిస్తే కాగితానికి నెత్తురు.
నేను ఎప్పుడూ నాలుగోవాణ్ణి,
నా చేతులు బాగానే ఉండేవి.
"నువ్వు రాసీరా తాతబాబూ,
నీ రాత ముత్తేల్నాగుంటాది."
షామియానా వెనక, సుద్దపొడి బస్తా మీద కూర్చుని
పొద్దుగూకేదాకా రాశాను.
ఆ తోక నా సంతకం కోసం దాచుకున్నది.
నన్నెవడూ అడగలేదు.
వాడి పేరుకు తగిలించేశాను.

"ఇప్పుడు మీరొకటి పెట్టండి."
గురువులు కాగితం దగ్గరికి లాక్కున్నాడు.
నాలిక కొన పళ్ల మధ్య బిగించి
ఒక్కో అక్షరం ఒక్కో ఎత్తుగా ఎత్తి, దించి,
రెండు నిమిషాలు.
తోక లేదు.

ఆయన అద్దం తీసి, తుడిచి, మళ్లీ బిగించాడు.
"ఏమనుకోకండి. బెల్టు మీదిది అసలు.
మీదే కలవడం లేదు."

గొంతు దాకా వచ్చింది నాకు.
తహసీల్దారు ఆఫీసు ముందు ఇరవై ఏళ్లుగా
ఊరందరి తరఫునా విన్నవించుకునేవాణ్ణి,
నా తరఫున ఒక్క ముక్క పెగల్లేదు.

గురువులు నావైపు చూశాడు.
బరువు ఎత్తబోయే ముందు చూసే చూపు కాదు,
దించేశాక, బారు ఇంకా నేలమీద ఊగుతుండగా చూసేది.
"సెయ్యి మారిపోనాదండి" అన్నాడు ఆయనతో.
"వయసు గదా."

కింద, టీ బండి దగ్గర
బిస్కెట్టు ముంచుతూ అన్నాడు:
"ఆ బెల్టు నాది కాదురా."
"ఏటి?"
"నాది తొంబయ్యారులోనే ఎలకలు కొట్టీసినాయి.
మాయమ్మ పొయ్యిలో ఎట్టీసినాది."

బిస్కెట్టు విరిగి గ్లాసులో పడింది.
దాన్ని వేలితో తీసుకునేదాకా ఇద్దరం మాట్లాడలేదు.

"మరి ఆయనతో సెప్పలేకపోనావా?"
"నా సంతకమే కలవనేదు,
నా మాటేటి కలుస్తాదిరా."

అప్పుడు వెలిగింది నాకు.
నా జన్మలో నేను తోలు మీద సంతకం పెట్టలేదు.
అంటే నా దొంగ సంతకాన్ని
ఎవడో కూర్చుని, నేర్చుకుని,
దొంగతనం చేశాడు.
ఎక్కడో ఒక గదిలో, దీపం కింద,
వందసార్లు ఆ తోక లాగి ఉంటాడు.
కోపం రావాలి.
వచ్చింది కూడా, కొంచెం.

నెల్లిమర్ల బస్సులో టికెట్టు వెనక
ఒకసారి రాసి చూశాను.
బస్సు కుదుపు అనుకుని ఆగినప్పుడు ఇంకోసారి.

బెల్టు మీదిదే బాగుంది.